మేం అడగలేం, మీరే అడగండి

మగవాళ్లలో మూత్రాశయం కింద ఉండే ప్రొస్టేట్ గ్రంథి క్యాన్సర్‌కు చికిత్స చేసే యూరాలజిస్టులకు, క్యాన్సర్ డాక్టర్లకు, రేడియేషన్ విభాగాల వారికి, నర్సులకు, ఆసుపత్రులు నడిపేవారికి నమస్కారం.

మీ గదిలో మాకు దొరికేది కొద్ది నిమిషాలు. ఆ కాసేపట్లో మీరు ముందుగా చూసేది క్యాన్సర్ జోరు తెలిపే రక్తపరీక్ష, పీఎస్‌ఏ రిపోర్టు. నంబరు తగ్గిందంటే మీ ముఖం విప్పారుతుంది. "బాగుంది, మూడు నెలల తర్వాత రండి" అంటారు. మేమూ దండం పెట్టి లేచి వచ్చేస్తాం. బయటికి రాగానే మాలో ఒకాయన తడిసిన ప్యాడ్ మార్చుకోవడానికి బాత్‌రూమ్ వెతుక్కుంటాడు. ఇంకొకాయన, రాత్రుళ్లు తను చెమటలు పట్టి లేచి కూర్చుంటున్న సంగతి భార్య చెప్పబోతే కళ్లతోనే వారించినవాడు. మరొకాయన నడుం నొప్పి మాట ఎత్తనే లేదు, వయసుతో వచ్చిందిలే అనుకున్నాడు. ఆ రోజు ముగ్గురి ఫైళ్లలోనూ ఒకటే మాట పడుతుంది: పేషెంటు బాగున్నారు.

నేను ఆపరేషన్, రేడియేషన్, హార్మోన్ ఇంజెక్షన్లు మూడూ చూసినవాణ్ని. ఓపీ బెంచీల మీద, రేడియేషన్ కోసం రోజూ వరుసలో కూర్చునే చోట, తోటి రోగులు గొంతు తగ్గించి చెప్పుకున్న మాటలు కూడా ఈ లేఖలో ఉన్నాయి. ఏ డాక్టరునూ, ఏ ఆసుపత్రినీ పేరుపెట్టి తప్పుపట్టే ఉద్దేశం నాకు లేదు. నేను అడగదలచుకున్నది ఒక్కటే. మా శరీరంలో, మా ఇంట్లో ఈ చికిత్స వల్ల ఏం జరుగుతోందో చెప్పుకునే భారం ఇప్పుడు పూర్తిగా మా మీదే ఉంది. దాన్ని మీరు తీసుకోండి. మూత్రం గురించి, దాంపత్యం గురించి, నిద్ర గురించి, మనసు గురించి మీరే ముందు అడగండి.

ఇది కొద్దిమంది గోడు కూడా కాదు. 2022లో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 14 లక్షల 70 వేల మందికి కొత్తగా ఈ క్యాన్సర్ బయటపడింది. 2020లో 14 లక్షలున్న వార్షిక సంఖ్య 2040 నాటికి 29 లక్షలకు చేరుతుందని 2024లో లాన్సెట్ వైద్య పత్రిక నియమించిన కమిషన్ అంచనా వేసింది. వీళ్లలో చాలామంది చాలాకాలం బతుకుతారు. ప్రొస్టేట్ దాటి పాకని క్యాన్సర్ ఉన్న 1,643 మందిని బ్రిటన్‌లో ప్రొటెక్ట్ అనే అధ్యయనంలో మూడు గుంపులు చేసి, ఒక గుంపుకు ఆపరేషన్, ఒక గుంపుకు రేడియేషన్ చేశారు, మూడో గుంపును పరీక్షలతో గమనిస్తూ వచ్చారు. సుమారు 15 ఏళ్ల తర్వాత చూస్తే ఈ క్యాన్సర్‌తో చనిపోయినవాళ్లు 45 మంది, అంటే వందకు ముగ్గురు కూడా లేరు. ఆ చావుల్లో మూడు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. గమనిస్తూ వచ్చిన గుంపులో క్యాన్సర్ వేరే చోట్లకు పాకినవాళ్లు ఎక్కువే, కానీ రోగికి రోజూ తెలిసే తేడా ఆ 15 ఏళ్లు ఎలా గడిచాయన్న దగ్గరే. ఆపరేషన్ అయినవాళ్లకు మూత్రం, దాంపత్యం బాగా దెబ్బతిన్నాయి. రేడియేషన్ వాళ్లకు మలద్వారం ఇబ్బందులు ఎక్కువ. ఏ చికిత్స ఎంచుకోవాలన్న ప్రశ్న చాలామంది విషయంలో నిజానికి ఏ ఇబ్బందితో బతకగలం అన్న ప్రశ్నే. మరి ఆ ప్రశ్నను మాతో కూర్చుని మాట్లాడుతున్నది ఎందరు?

మూత్రం సంగతి చెబుతాను. ఆపరేషన్ ముందు "కొన్నాళ్లు కాస్త లీకేజీ ఉంటుంది, తగ్గిపోతుంది" అన్నారు. అది అబద్ధం కాదు, చాలామందికి తగ్గుతుంది కూడా. కానీ "కొన్నాళ్లు" అంటే ఎన్ని, "కాస్త" అంటే ఎంత? ఆ ప్రొటెక్ట్ అధ్యయనంలోనే ఆపరేషన్ అయిన ఆరు నెలలకు నూటికి 46 మంది ప్యాడ్లు వాడుతున్నారు. ఆరేళ్ల తర్వాత కూడా 17 మంది వాడుతూనే ఉన్నారు. ఈ అంకెలు ముందే చెబితే మనిషి భయపడి పారిపోతాడని కొందరు డాక్టర్లు అనుకుంటారేమో. నా అనుభవంలో జరిగేది వేరు. చెప్పనప్పుడు, మూడో నెలలో కూడా తడుస్తుంటే, తన ఆపరేషన్ ఒక్కటే చెడిపోయిందని ఆ మనిషి నమ్మేస్తాడు. డాక్టర్ని అడిగితే ఆయన పనితనాన్ని శంకించినట్టు ఉంటుందని మొహమాటపడతాడు. నీళ్లు తాగడం తగ్గించేస్తాడు. దానితో మూత్రం చిక్కబడి మంట, ఇన్‌ఫెక్షన్, మలబద్ధకం మొదలవుతాయి. పెళ్లిళ్లకూ ప్రయాణాలకూ పోవడం మానేస్తాడు. ముదురు రంగు ప్యాంట్లే తొడుగుతాడు. దగ్గు వస్తే భయం, నవ్వు వస్తే భయం. మనవణ్ణి ఎత్తుకోవాలంటే కూడా భయమే.

కటి కండరాల వ్యాయామాలు ఉన్నాయని మీకు తెలుసు. డిశ్చార్జి కాగితం చివర "కెగెల్ వ్యాయామాలు చేయాలి" అని ఒక్క ముక్క రాసి ఉంటుంది. ఏ కండరాన్ని బిగించాలో, ఎంతసేపు పట్టుకోవాలో, ఎప్పుడు వదలాలో ఎవరూ చూపించరు. మాలో చాలామంది కడుపు బిగించి, ఊపిరి బిగబట్టి, పిరుదులు నొక్కిపెట్టి, చేయకూడనివన్నీ చేస్తూ అదే వ్యాయామం అనుకున్నాం. గాలి పోకుండా ఆపుకున్నట్టు బిగించండి, మూత్రధారను మధ్యలో ఆపుతున్నట్టు ఊహించుకోండి, ఊపిరి మాత్రం మామూలుగా తీసుకుంటూ ఉండండి, కుర్చీలోంచి లేచే ముందూ దగ్గే ముందూ ఒకసారి బిగించండి అని ఫిజియోథెరపిస్టు చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? అది కూడా ఆపరేషన్‌కు ముందే నేర్పితే, పైపు తీసిన రోజు నుంచి ఏం చేయాలో మాకు తెలిసి ఉంటుంది. ఏడాది దాటినా ధారగా కారుతున్నవాళ్లకు మూత్రనాళానికి ఆసరాగా స్లింగ్ అనే పట్టీ వేసే ఆపరేషన్, మూత్రాన్ని ఆపిపట్టే కృత్రిమ స్ఫింక్టర్ లాంటి మార్గాలున్నాయి. అవి ఉన్నాయని వినకుండానే ఏళ్ల తరబడి ప్యాడ్లతో సరిపెట్టుకునేవాళ్లు ఉన్నారు. అందరికీ అవి సరిపడకపోవచ్చు. ఉన్నాయని చెప్పడానికి అభ్యంతరం ఏముంది?

ఆ యూరిన్ పైపు గురించి కూడా ఒక మాట. ఆపరేషన్ తర్వాత వారం, పది రోజులు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ, దాన్ని తగిలించి ఇంటికి పంపుతారు. సంచి నడుము కంటే కిందే ఉండాలని, పైపు మడత పడకూడదని, మూత్రం రావడం ఆగిపోయి పొత్తికడుపు ఉబ్బితే వెంటనే రావాలని, ఇంట్లో ఎవరో ఒకరికి చేత్తో చూపించి పంపండి. చదువుకున్న కుటుంబాలు కూడా మొదటి రాత్రి దాన్ని చూసి బెదిరిపోతాయి.

ఇక అసలు ఎవరూ నోరెత్తని విషయం. రోగులు ఎత్తరు, డాక్టర్లు ఎత్తరు. సంసారం.

2019లో బ్రిటన్ పరిశోధకులు, జబ్బు బయటపడి ఏడాదిన్నర నుంచి మూడున్నరేళ్లయిన 35 వేల మందికి పైగా రోగుల సమాధానాలను ప్రచురించారు. అందులో నూటికి 81 మంది తమ లైంగిక సామర్థ్యం బాగాలేదన్నారు. జబ్బు ఏ దశలో ఉన్నా అదే మాట. సగానికి పైగా మనుషులకు, సరిగ్గా చెప్పాలంటే 55.8 శాతం మందికి, దీనికి ఏ సాయమూ ఎవరూ చేస్తామని కూడా అనలేదు. వైద్యం బాగా ఏర్పాటై ఉన్న దేశం లెక్క అది. మిగతా చోట్ల అంతకన్నా మెరుగ్గా ఉంటుందని నేను అనుకోను.

"ఈ వయసులో ఇంకా అవన్నీ ఎందుకు" అని ఒక డాక్టరు నవ్వుతూ అన్న మాట మా బెంచీ మీద ఒకాయన చెప్పాడు. ఆయన కూడా నవ్వుతూనే చెప్పాడు. కానీ ఆ తర్వాత అక్కడ కూర్చున్న ఏ ఒక్కరూ ఆ విషయం డాక్టరు దగ్గర ఎత్తి ఉండరు. అరవై దాటినవాడికి కోరిక ఉండకూడదని ఏ వైద్య గ్రంథంలో ఉంది? కోరిక మాట అటుంచండి. ఎన్నో ఏళ్లుగా ఒకే మంచం మీద పడుకున్న ఇద్దరిలో ఒకరు హఠాత్తుగా గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెడితే రెండోవారు ఏమనుకోవాలి? తనమీద ప్రేమ పోయిందనుకుంటుంది. ఆయన తనకు మగతనం పోయిందనుకుంటాడు. ముట్టుకుంటే ఆశ పెట్టినట్టు అవుతుందేమోనని ముట్టుకోవడమే మానేస్తాడు. ఇద్దరి మధ్య ఉన్నది ఆపరేషన్‌లో దెబ్బతిన్న నరాల సమస్య అని చెప్పే మూడో మనిషి ఉండడు.

అంగస్తంభనకు తోడ్పడే నరాలు ప్రొస్టేట్‌ను ఆనుకునే పోతాయి. వాటిని కాపాడుతూ ఆపరేషన్ చేసే పద్ధతిని 1982లో అమెరికా సర్జన్ పాట్రిక్ వాల్ష్ మొదలుపెట్టారు. అయినా క్యాన్సర్ ఎంతవరకు ఉందన్నదాన్నిబట్టి అన్నిసార్లూ నరాలను ఉంచడం కుదరదు. ఉంచినా అవి కోలుకోవడానికి నెలలు, ఒక్కోసారి రెండేళ్లు పడుతుంది. రేడియేషన్‌లో ఈ నష్టం నెమ్మదిగా, ఏళ్లమీద వస్తుంది. ఆపరేషన్ తర్వాత వీర్యం రాదు, కానీ భావప్రాప్తి ఉండొచ్చు. ఆ సమయంలో కొంచెం మూత్రం పడొచ్చు. అంగం కాస్త పొట్టి అయినట్టు అనిపించొచ్చు. పిల్లలు కావాలనుకునే వయసువాళ్లు చికిత్సకు ముందే వీర్యం భద్రపరచుకోవాలి. ఇవన్నీ సంతకం పెట్టించుకునే ముందు చెప్పాల్సిన మాటలు. అంగీకార పత్రంలో చిన్న అక్షరాల్లో ఉంటే చెప్పినట్టు కాదు.

చెప్పకపోతే ప్రమాదం కూడా ఉంది. అడగడానికి సిగ్గుపడినవాడు ఊరుకోడు. ఎవరికీ తెలియకుండా అంగస్తంభనకు వాడే సిల్డెనాఫిల్ లాంటి మాత్రలు కొనుక్కుని వేసుకుంటాడు. గుండెనొప్పికి నైట్రేట్ మందులు వాడేవాళ్లకు అది రక్తపోటును ప్రమాదకరంగా పడగొట్టగలదు. మా వయసులో గుండె మందులు వాడనివాళ్లు ఎంతమంది? మీరు ఒక్కసారి అడిగి ఉంటే ఆ మాత్ర ఆయనకు పనికొస్తుందో లేదో చెప్పేవారు. మాత్ర పనిచేయకపోతే వాక్యూమ్ పరికరం, ఇంజెక్షన్, ఇంప్లాంట్ ఉన్నాయని చెప్పేవారు. హార్మోన్ చికిత్సలో కోరికే పోతుంది కాబట్టి మాత్ర ఒక్కటే దాన్ని తెచ్చిపెట్టలేదని కూడా చెప్పేవారు.

ఇంకొకటి. మీ ప్రశ్న "మీ ఆవిడతో..." అని మొదలైతే, భార్య పోయినవాడు, పెళ్లి చేసుకోనివాడు, మగవాడితోనే జీవితం పంచుకుంటున్నవాడు తన నోరు అక్కడే కట్టేసుకుంటాడు. "ఈ చికిత్స మీ లైంగిక జీవితం మీద ఏమైనా ప్రభావం చూపిందా, దాని గురించి మాట్లాడాలని ఉందా?" అని అడిగితే అందరికీ సరిపోతుంది. వద్దనేవాళ్లు వద్దంటారు. అడిగినందుకు ఎవరూ నొచ్చుకోరు.

హార్మోన్ ఇంజెక్షన్ విషయానికొస్తే, దాన్ని ఇచ్చే తీరే నాకు ఆశ్చర్యం. నర్సు ఒక నిమిషంలో వేసి, కార్డు మీద మళ్లీ ఎప్పుడు రావాలో రాసి పంపేస్తుంది. ఆ నిమిషంలో ఒంట్లో ఎంత పెద్ద మార్పు మొదలవుతుందో చూడండి. వృషణాలు తొలగించినా, వాటి ప్రభావాన్ని మందుతో అణచినా ఈ క్యాన్సర్ వెనక్కి తగ్గుతుందని డాక్టర్ చార్లెస్ హగ్గిన్స్ 1941లో చూపించారు, 1966లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఈ రోజు మీరిచ్చే ఇంజెక్షన్ చేసే పనీ అదే, మగ హార్మోన్ అయిన టెస్టోస్టెరాన్‌ను దాదాపు లేకుండా చేయడం. ఇది ఎందరికో ఏళ్లకు ఏళ్లు ఆయుష్షు పోసింది, నాకూ పోసింది. దాని ఫలితంగా వచ్చేవి కూడా ముందే చెప్పాలి కదా. వేడి ఆవిర్లు, రొమ్ములు పెరగడం, నొప్పి పెట్టడం, కండ తగ్గి పొట్ట పెరగడం, ఊరికే కళ్లనీళ్లు రావడం, పేర్లు గుర్తురాకపోవడం, ఎంత పడుకున్నా తీరని అలసట. ఇవన్నీ ఒకదాని వెనక ఒకటి మొదలైనప్పుడు మాలో చాలామంది క్యాన్సర్ మెదడుకు పాకిందనుకున్నారు. ఇంట్లోవాళ్లు "మనిషి మారిపోయాడు" అన్నారు. మందు ప్రభావం అని ఒక్క మాట తెలిసి ఉంటే ఇంత టెన్షన్ ఉండేది కాదు. వేడి ఆవిర్లకు మందులున్నాయి. రొమ్ములు పెరగకుండా ముందుజాగ్రత్తగా చేయగలిగినవీ ఉన్నాయి. ఇంజెక్షన్ కార్డు మీద వాటికి చోటు లేదు.

బయటికి కనిపించకుండా జరిగే నష్టం ఎముకలకు. టెస్టోస్టెరాన్ పోతే ఎముకలు గుల్లబారుతాయి. మొదటి ఏడాదిలోనే ఆ వేగం ఎక్కువ. అయినా చికిత్స మొదలయ్యేటప్పుడు ఎముకల గట్టిదనం కొలిచే డెక్సా స్కాన్ చేయించుకోమన్నవాళ్లు మా బెంచీ మీద అరుదు. తుంటి విరిగాక ఎముకల డాక్టరు చెబితే తెలుసుకున్నవాళ్లు ఉన్నారు. ఎముకల బలానికి జోలెడ్రోనిక్ యాసిడ్, డెనోసుమాబ్ ఇచ్చే ముందు పళ్ల డాక్టరుకు చూపించుకోవాలని, ఆ తర్వాత పన్ను పీకించుకోవాల్సి వస్తే దవడ ఎముక దెబ్బతినే ప్రమాదం ఉందని చెప్పాలి. షుగరు, కొలెస్ట్రాల్, బీపీ, గుండె కూడా చూడాలి. ఎవరు చూడాలన్నది మరో తంటా. క్యాన్సర్ డాక్టరు మామూలు డాక్టరు చూస్తారనుకుంటారు, ఆయన క్యాన్సర్ వాళ్లు చూసుకుంటున్నారులే అనుకుంటారు. ఇద్దరి మధ్య ఫైలు మోసేది మేమే, కానీ అందులో ఏముందో మాకు తెలియదు.

వ్యాయామం గురించి కూడా చెప్పండి. "విశ్రాంతి తీసుకోండి" అనే మాట మా దగ్గర అందరూ వాడతారు. హార్మోన్ చికిత్స అలసటకు నడక, బరువులతో చేసే కసరత్తు మేలు చేస్తాయని పరిశోధనలు మళ్లీ మళ్లీ చూపించాయి. ఎముకల్లోకి క్యాన్సర్ పాకినవాళ్లు ఏ బరువు ఎత్తొచ్చో, ఏది ఎత్తకూడదో తెలిసిన మనిషి చెప్పాలి. ఇంటర్నెట్ వీడియో చూసి మొదలుపెట్టే పని కాదు అది.

రేడియేషన్ గురించి తక్కువే చెబుతాను, అక్కడి టెక్నీషియన్లు మాతో బాగానే మాట్లాడతారు, రోజూ చూస్తారు కాబట్టి. సమస్య అది అయిపోయాక మొదలవుతుంది. మలంలో రక్తం, మూత్రంలో రక్తం నెలల తర్వాత, ఒక్కోసారి ఏళ్ల తర్వాత కనపడొచ్చు. అప్పటికి ఆ విభాగానికి వెళ్లడం మానేసి ఉంటాం. వేరే డాక్టరు దగ్గరికి పోతే కొలనోస్కోపీ చేసి, రేడియేషన్ పడిన చోటు నుంచి ముక్క తీస్తే అది మానని పుండుగా మారే ప్రమాదం ఉంది. "నాకు ప్రొస్టేట్‌కు రేడియేషన్ ఇచ్చారు" అని ప్రతి డాక్టరుకూ ముందుగా చెప్పాలని మాకు నేర్పండి. కాగితం మీద రాసి ఇస్తే ఇంకా మంచిది.

పీఎస్‌ఏ టెన్షన్ మీకు తెలిసిందే. రక్తం ఇచ్చిన రోజు నుంచి రిపోర్టు వచ్చేదాకా ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. చికిత్స లేకుండా గమనిస్తూ ఉన్నవాళ్లకైతే ఇది ఎడతెగని పరీక్ష. తక్కువ ప్రమాదమున్న క్యాన్సర్‌ను వెంటనే కోయకుండా గమనించడం మంచి వైద్యమే, నేను దాన్ని పూర్తిగా సమర్థిస్తాను. కానీ "క్యాన్సర్ ఉంది, ఏమీ చేయనక్కర్లేదు" అనే రెండు ముక్కలు ఒకేసారి విన్న మనిషికి మూడో వాక్యం కావాలి. ఏ నంబరు దాటితే, ఏం కనిపిస్తే చికిత్స మొదలుపెడతారో ముందే చెప్పాలి. లేకపోతే భయానికి లొంగి అవసరం లేని ఆపరేషన్‌కు సిద్ధపడతాడు.

మనసు గురించి ఒక గంభీరమైన విషయం ఉంది. స్వీడన్, అమెరికా దేశాల రికార్డులపై జరిగిన అధ్యయనాల్లో, ప్రొస్టేట్ క్యాన్సర్ అని తెలిసిన తర్వాతి మొదటి ఏడాదిలో, అందులోనూ మొదటి నెలల్లో, ఆత్మహత్య ముప్పు పెరిగినట్టు తేలింది. బయాప్సీ రిపోర్టు చేతికిచ్చి, క్యాన్సర్ ఎంత దూకుడుగా ఉందో చెప్పే గ్లీసన్ స్కోరు చదివి, వచ్చే వారం రమ్మని పంపే రోజులే అవి. మగవాళ్లు ఏడవరు, డిప్రెషన్ అనే మాట వాడరు. కోపంగా ఉంటారు, తాగుతారు, మాట్లాడటం మానేస్తారు. "నిద్ర పడుతోందా? బతకాలనిపించడం లేదా?" అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం అక్కర్లేదు. ఉన్న ఆలోచన బయటికి వస్తుంది.

ఎముకల్లోకి పాకిన దశలో ఉన్నవాళ్ల తరఫున చెప్పేది మాత్రం ఆగేది కాదు. వెన్నెముకలో గడ్డ వెన్నుపామును నొక్కితే మనిషి గంటల్లో, రోజుల్లో నడక కోల్పోవచ్చు. కొత్తగా వచ్చిన వెన్నునొప్పి, పడుకుంటే ఎక్కువయ్యే నొప్పి, కాళ్లలో బలహీనత, తిమ్మిరి, మూత్రం ఆగిపోవడం లేదా మలం మీద అదుపు పోవడం కనపడితే తర్వాతి అపాయింట్‌మెంటు దాకా ఆగకూడదు. అదే రోజు రావాలి. వచ్చినవాళ్లకు ఎమ్మారై త్వరగా చేయాలి. కాళ్లు పడిపోకముందే చికిత్స మొదలైతే నడక నిలిచే అవకాశం ఎక్కువ, పడిపోయాక తిరిగి రావడం కష్టం. ఎముకల్లో మెటాస్టాసిస్, అంటే క్యాన్సర్ పాకింది, అని ఫైలులో రాసిన ప్రతి మనిషికీ ఇది తెలిసి ఉండాలి. నాకు తెలిసిన ఒకాయనకు తెలియదు. సోమవారం ఓపీ ఉందని శని, ఆదివారాలు ఆగాడు. ఇప్పుడు చక్రాల కుర్చీలో ఉన్నాడు.

నొప్పి కూడా ఓర్చుకోవాల్సిన విషయంగానే చూస్తున్నారు. ఎముక నొప్పికి ఒకే విడతలో 8 గ్రేల (రేడియేషన్‌ను కొలిచే ప్రమాణం) రేడియేషన్ ఇస్తే, పలు విడతలుగా ఇచ్చినదానితో సమానంగా ఉపశమనం ఉంటుంది. కొందరికి తర్వాత మళ్లీ ఇవ్వాల్సి రావచ్చు, అంతే. నడవలేని మనిషిని రెండు వారాలు రోజూ తిప్పే ముందు ఈ మార్గం ఆలోచించండి. మార్ఫిన్ పేరెత్తితే మా కుటుంబాలు అలవాటు పడతాడేమోనని భయపడతాయి, కొందరు డాక్టర్లు కూడా భయపడతారు. నొప్పి, బాధ తగ్గించే పాలియేటివ్ కేర్‌కు పంపితే "ఇక అయిపోయింది" అన్నట్టు వింటాం, ఎందుకంటే అన్నీ అయిపోయాకే అక్కడికి పంపుతున్నారు. క్యాన్సర్ చికిత్స జరుగుతుండగానే వాళ్లను పరిచయం చేస్తే ఆ భయం పోతుంది.

మా వెంట వచ్చేవాళ్లను కూడా కాస్త చూడండి. రాత్రి తడిసిన దుప్పట్లు మార్చేది, మాత్రల లెక్క చూసేది, మా చిరాకు భరించేది భార్యలు, కూతుళ్లు, కొడుకులు, కోడళ్లు. వాళ్లను గది బయటే కూర్చోబెడతారు, లేదా లోపలికి పిలిచి వాళ్లతోనే మాట్లాడి మమ్మల్ని వదిలేస్తారు. రెండూ ఇబ్బందే. మేం ఒంటరిగా చెప్పాల్సినవి కొన్ని, వాళ్లు ఒంటరిగా అడగాల్సినవి కొన్ని ఉంటాయి. తండ్రికో అన్నదమ్ములకో ఈ క్యాన్సర్ ఉన్న మగవాళ్లకు ముప్పు దాదాపు రెట్టింపు. బీఆర్‌సీఏ2 జన్యు మార్పు ఉంటే అది కూతుళ్లకూ సంబంధించిన విషయమే, వాళ్లకు రొమ్ము క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. ఆ పరీక్ష ఎవరికి అవసరమో చెప్పేది కూడా మీరే.

మీరు ఇవ్వబోయే జవాబు నాకు తెలుసు: టైమ్ లేదు. నిజమే, మీ గది బయట వరుస ఎంత పొడవు ఉంటుందో గంటల తరబడి చూసేది మేమే. అందుకే డాక్టరు గారే అన్నీ అడగాలని నేను అనడం లేదు. ఎపిక్ 26 అనే ప్రశ్నపత్రం ఉంది. మూత్రం, మలం, లైంగిక జీవితం, హార్మోన్ ప్రభావాల గురించి 26 ప్రశ్నలు. బయట కూర్చున్న సమయంలో నింపొచ్చు, చదవలేనివాళ్లకు నర్సు చదివి వినిపించొచ్చు. నోటితో చెప్పలేనిది టిక్కు పెట్టి చెప్పడం మాకు చాలా తేలిక. కానీ నింపిన కాగితాన్ని ఎవరైనా చదవాలి. చదవకుండా ఫైలులో కుట్టేసేటట్టయితే దయచేసి మొదలే పెట్టొద్దు, మోసపోయినట్టు ఉంటుంది.

ఇలా అడగడం వల్ల లాభం ఉందా అంటే, ఉంది. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ సెంటర్‌లో, వేర్వేరు క్యాన్సర్లు పాకిన 766 మందితో ఒక అధ్యయనం జరిగింది. వాళ్లలో ప్రొస్టేట్ లాంటి మూత్ర, జననాంగ క్యాన్సర్ల రోగులూ ఉన్నారు. కొందరిని తమ లక్షణాలను క్రమం తప్పకుండా కంప్యూటర్‌లో నమోదు చేయమన్నారు, తీవ్రమైతే నర్సుకు కబురు వెళ్లేది. మిగతావాళ్లకు మామూలు పద్ధతే. 2017లో వచ్చిన ఫలితాల్లో మొదటి గుంపు మధ్యస్థ జీవితకాలం (సగంమంది అంతకన్నా ఎక్కువ బతికిన కాలం) 31.2 నెలలు, రెండో గుంపుది 26 నెలలు. ఎలా ఉన్నారని అడిగి, జవాబును పట్టించుకున్నందుకు వచ్చిన తేడా అది. కొత్త మందు ఒకటి అంత తేడా చూపిస్తే మీ సదస్సుల్లో ఎంత హడావుడి ఉండేది!

ఆసుపత్రులు నడిపేవారితో చివరి మాట. రోబో కొన్నప్పుడు పెద్ద బోర్డు పెట్టారు, సంతోషం. దానితో ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకు కటి కండరాల వ్యాయామం నేర్పే ఒక ఫిజియోథెరపిస్టును, ఈ రోగుల బాధ్యత తీసుకునే ఒక నర్సును కూడా పెట్టండి. మగవాళ్ల బాత్‌రూముల్లో వాడిన ప్యాడ్లు వేసేందుకు మూతున్న చెత్తబుట్ట పెట్టండి, ఇప్పుడు వాటిని సంచిలో చుట్టి ఇంటిదాకా మోసుకుపోతున్నాం. పాత రోగులు కొత్త రోగులతో మాట్లాడేందుకు నెలకో పూట ఒక గది ఇవ్వండి. మేం బెంచీ మీద చేస్తున్నదే అది, తలుపు ఉంటే గొంతు తగ్గించక్కర్లేదు. డిశ్చార్జి కాగితం మీద ఒక ఫోన్ నంబరు రాయండి. రిసెప్షన్ నంబరు కాదు, మా ఫైలు తెలిసిన నర్సు నంబరు. రాత్రివేళ, సెలవు రోజున కూడా ఆ ఫోన్ ఎవరు ఎత్తుతారో పక్కనే రాయండి. అలాంటి మనిషి మీ దగ్గర ఇంకా లేకపోతే, ఎప్పటికి నియమిస్తారో మీ ఓపీ నోటీసు బోర్డు మీద పెట్టండి.

ఇట్లు
చికిత్సలో ఉన్న ఒక ప్రొస్టేట్ క్యాన్సర్ రోగి